తగ్గించిన ఒక్క కప్పు

ఫిబ్రవరి 19, సోమవారం

రాత్రి నుంచి దక్షిణ గాలి. ఇంటికప్పు మీద మంచు కరిగి చూరు వెంట కారుతోంది. కొండదారి అంతా బురద. టైర్ల గొలుసులు విప్పేసి బండి తీశాను. పాలు మామూలే. ఇళ్ళన్నీ తిరిగి, ట్యాంకు డెయిరీలో ఖాళీ చేసి, కడిగి, అటునుంచి అటే పట్నంలో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మా ఆవిడ నఫియా పోరు పడలేక.

డాక్టరు చిన్నపిల్ల. నాతో బడిలో చదివిన జెమాల్ కూతురు. "మామయ్యా, రోజుకి ఎన్ని కాఫీలు తాగుతారు?" అంది. నవ్వాను. బోస్నియా కొండల్లో పాలబండి నడిపేవాణ్ణి అడగాల్సిన మాటేనా అది? బండి దిగగానే రమ్మన్న కాఫీ. పాలు కొలిచాక కబుర్ల కాఫీ. మూడోది, ఇక పొమ్మనే కాఫీ, నాకు ఎవరూ పోయరు. అంతసేపు నేను కూర్చోను కాబట్టి. మిగతావి లెక్క పెట్టి చెప్తే ఆమె నవ్వలేదు.

"కాఫీ విషమేం కాదు. ఏదైనా తిని పొద్దున్న రెండు తాగండి, ఏమీ కాదు. మీరు ఉత్త కడుపున మధ్యాహ్నం దాకా పోస్తూనే ఉన్నారు. నిద్ర లేదు. గుండె లయ తప్పుతోంది. ఈ జబ్బు కాఫీ తెచ్చిందని అనను మామయ్యా. పడుకున్న కుక్కని పుల్లతో పొడుస్తోంది, అంతే. ఒక్కసారిగా మానకండి, తల పగిలిపోతుంది. కొంచెం కొంచెం తగ్గించండి."

మార్చి 7న ఛాతీకి యంత్రం తగిలిస్తుందట. ఒక రోజంతా ఉంచుకోవాలి. అది చూశాకే లైసెన్సు కాగితం మీద సంతకం పెడుతుంది.

"బండి నడుపుతుంటే ఎప్పుడైనా కళ్ళకి చీకట్లు కమ్మాయా?"

లేదన్నాను. ఒకసారి కమ్మినట్టు అయింది. అప్పుడు బండి ఆగే ఉంది.

ఎప్పుడు తాగానో, గుండె ఎప్పుడు ఎగిరిపడిందో రాసుకోమంది. రాస్తున్నాను. ఇంకెవరికీ తెలియకూడదు. పక్క కొండ బండి నడిపే ఇబ్రోకి చూపు మందగించిందని తెలిసిన వారంలోనే డెయిరీ వేరేవాణ్ణి ఎక్కించింది. ఇబ్రో ఇప్పుడు బస్టాండులో కూర్చుని ఏ బస్సు ఎక్కడికి పోతుందో అడగనివాళ్ళకి కూడా చెప్తుంటాడు.

మార్చి 11న రంజాన్ మొదలు. ఇక పగలు ఏ ఇంట్లోనూ కాఫీ గిన్నె పొయ్యెక్కదు. అంతవరకు నెట్టుకొస్తే చాలు.

ఫిబ్రవరి 20, మంగళవారం

తగ్గించడమంటే బేరమాడటం. నాకు బేరం చేతకాదు. మానేశాను.

హాషిం ఇంట్లో కడుపు బాగాలేదన్నాను. "కడుపు బాగాలేకపోతేనేగా కాఫీ తాగేది! లేకపోతే అది దేనికి మరి?" అన్నాడు. వాడి పెళ్ళాం షెఫికా నన్ను పైనుంచి కిందికి చూసింది. "గాలి తగిలింది నీకు. బండి అద్దం దించుకుని నడుపుతావు. నడుముకి ఉన్ని పట్టీ కట్టుకో. నఫియాకి చేతకాకపోతే నేను అల్లిస్తా." తరవాతి ఇంట్లో మిరియాలు మింగించారు. ఆ తరవాతి ఇంట్లో ప్లమ్ సారా, మందుగా తాగితే దేవుడు లెక్క రాయడంటూ.

జుమ్రా ఒక్కతే ఏమీ అడగలేదు. "వద్దమ్మా ఈరోజు" అన్నాను. "సరే అన్నా" అని పళ్ళెం లోపల పెట్టేసింది. ఆమెది చివరి ఇల్లు, పిండిమర దాటాక, లోయకి అవతల. హాషిం వాకిట్లోంచి చూస్తే ఆమె వాకిలి కనిపిస్తుంది. మొగుడు సకీబ్ పోయి నాలుగేళ్ళు. మూడు ఆవులు, బడికి వెళ్ళే కూతురు.

ఫిబ్రవరి 21

తలనొప్పి. నఫియా చెంచా సాసర్లో పెట్టిన చప్పుడుకి అరిచాను. ఆమె చెంచా, సాసరు రెండూ తీసుకుని బయటికి వెళ్ళి, వాకిట్లో గట్టిగా చప్పుడు చేసి, లోపలికి వచ్చింది.

ఫిబ్రవరి 22

రాయడానికేమీ లేదు. బ్రేకు తడిసింది. మర దగ్గర మలుపులో కంచెకి కాస్త రాసుకుంది. రెండు కర్రలు విరిగాయి. పిల్లలు అప్పటికే స్కూలు బస్సెక్కేశారు.

ఫిబ్రవరి 23, శుక్రవారం

తాగాను. హాషిం ఇంట్లో, తరవాత అందరి ఇళ్ళలో. పంచదార బిళ్ళ అంచు కాఫీలో ముంచి కొరికితే తల మీంచి ఎవరో బస్తా దించినట్టు అయింది. చదువుకున్న పిల్ల ఊరికే చెప్పలేదు, ఒక్కసారిగా మానకూడదు. ఇలా నిద్ర కళ్ళతో నడపడమే ప్రమాదం. కొంచెం కొంచెంగా తగ్గించాలి.

రేపటినుంచి ఒక్కటి తగ్గిస్తాను. హాషిం ఇంట్లో కుదరదు, షెఫికా ఊరుకోదు. మూసా ముసలాయన ఇంట్లో కుదరదు, ఆయనకి నేను తప్ప మాట్లాడేవాడు లేడు. జుమ్రా ఏమీ అనదు. జుమ్రా ఇంట్లో.

ఫిబ్రవరి 24

జుమ్రా పళ్ళెంతో గుమ్మంలో నిలబడింది. పొడుగు పిడి రాగి గిన్నెలో నురుగు ఇంకా కదులుతోంది. తొందరగా వెళ్ళాలన్నాను. తలూపింది. మలుపు తిరిగాక అద్దంలో చూస్తే అక్కడే ఉంది.

ఒకటి తగ్గింది.

ఫిబ్రవరి 26

ఈరోజు చాలా తగ్గించాను. మూసా ఇంటిది లెక్కలోకి రాదు, ఆయన నీళ్ళలా కాస్తాడు. షెఫికా రెండోది పోసింది కానీ సగమే. నఫియాతో తాగింది ఇంటి కాఫీ.

మధ్యాహ్నం ట్యాంకు కడుగుతుంటే గుండె బకెట్లో వేసిన చేపలా కొట్టుకుంది. దక్షిణ గాలి. ఈ గాలికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా ఇలాగే ఉంటుంది.

ఫిబ్రవరి 28, బుధవారం

పాలు కొలిచి నమూనా సీసాలో పోస్తుంటే జుమ్రా పక్కనే నిలబడింది.

"పాలలో ఏమైనా తేడా ఉందా అన్నా?"

"ఏం తేడా లేదు."

"ఉంటే చెప్పు. చంద్రి మొన్న గడ్డి సరిగ్గా తినలేదు. పాలలోకి దిగే మందేమీ వెయ్యలేదు నేను. వేస్తే నీకు చెప్పనా?"

"లేదమ్మా. మంచి పాలు."

"మరి?"

"తొందర."

ఆమె నా చేతికేసి చూసింది. సీసా మూత బిగించి ఆ చెయ్యి కోటు లోపల పెట్టుకున్నాను. చలి.

మార్చి 1, శుక్రవారం

షెఫికా ఈరోజు ముందు లోకుం మిఠాయి పెట్టింది, తరవాత కాఫీ పోసింది, తరవాత అడిగింది.

"జుమ్రా గడప దగ్గరే వెనక్కి తిరిగిపోతున్నావట."

"ఎవరన్నారు?"

"నా కళ్ళు అన్నాయి. వారం నుంచి చూస్తున్నా. పళ్ళెం బయటికి వస్తుంది, లోపలికి పోతుంది. పాలలో నీళ్ళా, ఆవుకి మందా?"

"నేనేమీ అనలేదు షెఫికా."

"అదే నేనూ అంటున్నా. నువ్వేమీ అనలేదు. అనకుండా పాలబండివాడు ఒక ఇంటి కాఫీ మానేస్తాడా? నీళ్ళంటే నవ్వేసి ఊరుకుంటావు. మందే అయ్యుంటుంది." హాషిం వైపు తిరిగింది. "చెప్పానా?"

"నువ్వు చెప్పనిదేముంది" అన్నాడు హాషిం.

లేదు అంటే, మరి ఎందుకు తాగడం లేదని అడుగుతుంది. ఆమె అడిగితే కడుపులో ఉన్నది కక్కించేదాకా వదలదు. క్యాను ఎత్తాను. నేను ఒక్క మాట కూడా చెడ్డగా అనలేదు. రంజాన్ వస్తే అన్నీ సర్దుకుంటాయి.

మార్చి 2, శనివారం

ఊరు ఊరంతా హాషిం వాకిట్లోనే ఉన్నట్టుంది. బండి దిగకముందే హాషిం మొదలుపెట్టాడు. "చూడు రామిజ్. ట్యాంకు ఒకటే. ఆమె ఆవుకి మందు వేసిందనుకో, అందరి పాలూ కాలవలో పోస్తారు. నువ్వు ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. ఆమెవి విడిగా తీసుకెళ్ళు, అంతే. పరీక్షలో బాగుంటే బాగున్నట్టే."

"బాగానే ఉన్నాయి."

"బాగుంటే కాఫీ తాగు."

మూసా ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించి నాకేసి చూస్తున్నాడు. ఆయనైనా ఏదో ఒకటి అంటాడనుకున్నాను.

జుమ్రా పాలు విడి క్యానులో పోసి డ్రైవరు సీటు వెనక పెట్టాను. ఆమె చూసింది. రెండు రోజులే అన్నాను. ఆమె గిన్నె కడగడానికి లోపలికి వెళ్ళింది. ఈరోజు పళ్ళెం తేలేదు.

డెయిరీలో పరీక్ష చేశారు. ఏ తేడా లేదు. లేదని నాకు తెలుసు.

మార్చి 3

గాలి. నిద్ర లేదు. గాలి వల్లే.

మార్చి 4, సోమవారం

విడి క్యాను దించేసరికి జుమ్రా వాకిట్లో బల్ల మీద పళ్ళెం పెట్టి ఉంది. రాగి గిన్నె, చెవి లేని చిన్న కప్పు, పంచదార బిళ్ళలు. లోయ అవతల షెఫికా తివాచీ దులుపుతోంది. దులపడానికి ఆ తివాచీలో దుమ్మేమీ లేదు.

"కూర్చో అన్నా."

"జుమ్రా, నేను..."

"ఇది కాఫీ కాదు. బార్లీ. వేయించి దంచాను. యుద్ధంలో మా అమ్మ చేసేది, మీ ఇంట్లో కూడా చేసే ఉంటారు. అవతల నుంచి చూసేవాళ్ళకి కాఫీయే. కూర్చో."

కూర్చున్నాను. ఆమె పోసింది. నురుగు లేదు. బూడిద రుచి, అడుగున కొంచెం తీపి. ముప్పై ఏళ్ళ కిందట కందకంలో ఒకే డబ్బాలోంచి నలుగురం తాగిన రుచి.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. కోటు లోపల చెయ్యి పెట్టుకుంటున్నావు. సకీబ్ కూడా ఇలాగే పెట్టుకునేవాడు. ఏమిటంటే దక్షిణ గాలి అనేవాడు. గడ్డి కోస్తూ పడిపోయాడే, ఆ రోజు గాలి లేదు. ఆకు కదల్లేదు."

చేతులు రెండూ బల్ల మీద పెట్టాను.

"నాకెందుకు చెప్పలేదని అడగను. ఊళ్ళో ఎవరికీ చెప్పను. కానీ నువ్వు ఆ మలుపు తిరిగేటప్పుడు నా పిల్ల అక్కడ బస్సు కోసం నిలబడుతుంది. అది మర్చిపోకు."

రెండో కప్పు కూడా తాగాను. అటువైపు తివాచీ దులపడం ఆగిపోయింది.

మార్చి 5

జుమ్రా ఇంట్లో బార్లీ. నిద్ర పట్టింది. జుమ్రా పాలు ట్యాంకులో పోద్దామనుకున్నాను. హాషిం వెనకాలే ట్రాక్టరు మీద వచ్చాడు. రేపు.

మార్చి 6, బుధవారం

గాలి లోయకి అడ్డంగా వీస్తోంది. దాన్ని తిట్టుకోవాలా, షెఫికా ముక్కునా?

"బార్లీ మాడ్చిన వాసన! యుద్ధం అయిపోయాక ఆ వాసన ఇదిగో ఈ వారమే. వచ్చిన మనిషికి బార్లీ నీళ్ళు పోస్తోందా? నువ్వెలా తాగావు రామిజ్? మొహమాటమా? కాఫీ గింజలు లేకపోతే నన్నడిగితే ఇవ్వనా? పాలు అలా, కాఫీ ఇలా."

"బాగానే ఉంది షెఫికా."

"ఆ, బాగుంటుంది. ఆకలేసినవాడికి."

రంజాన్‌కి ముందు ఆడవాళ్ళంతా ఒక ఇంట్లో చేరి, పిండి పల్చగా సాగదీసి, పొరలు పొరలుగా ఆరబెట్టి నెలకి సరిపడా దాచుకుంటారు. ఈసారి షెఫికా ఇంట్లో. నఫియా వెళ్ళివచ్చింది. జుమ్రాని పిలవలేదట.

"ఎందుకు పిలవలేదని నేనడగలేదు. నిన్ను అడుగుతున్నా" అంది నఫియా, చేతుల పిండి దులుపుకుంటూ. "ఆ పిల్ల మీద ఊరు పడింది. నువ్వు నోరు విప్పితే పోయేదానికి."

"విప్పితే బండి పోతుంది."

"బండి పోతే పోతుంది. నువ్వు పోతే?"

ఈరోజు కూడా విడి క్యానే.

మార్చి 7, గురువారం

పాలు దించాక వెళ్ళి యంత్రం తగిలించుకున్నాను. ఛాతీ మీద బిళ్ళలు, వాటికి వైర్లు, నడుముకి చిన్న పెట్టె. ఏదైనా తేడాగా అనిపిస్తే బొత్తాం నొక్కమంది డాక్టరు. "మామూలుగా చేసే పనులన్నీ చెయ్యండి. బండి మాత్రం ఈ ఒక్కరోజు వేరేవాళ్ళకి ఇవ్వండి." సరేనన్నాను.

మార్చి 8, శుక్రవారం

బండి ఎవరికి ఇస్తాను? నేనే తీశాను. వానజల్లు.

హాషిం వాకిట్లో షెఫికా పళ్ళెం తెచ్చింది. వద్దన్నాను. వాకిట్లో మూసా ముసలాయన, ఇంకో ఇద్దరు క్యానులతో.

"ఏం, మా పాలకి కూడా జబ్బు వచ్చిందా?" అంది షెఫికా.

కోటు విప్పాను. స్వెట్టరు గొంతు దాకా ఎత్తాను. చలికి బిళ్ళల చుట్టూ వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"జబ్బు నాది. జుమ్రా పాలకి ఏమీ లేదు. డాక్టరు కాఫీ తగ్గించమంది. మీ ఇళ్ళలో తగ్గించే ధైర్యం లేక ఆమె ఇంట్లో తగ్గించాను. బార్లీ నా కోసమే వేయించింది."

మూసా ముసలాయన దగ్గరికి వచ్చి ఒక వైరు వేలితో తాకాడు.

"కరెంటు కొడుతుందా?"

"లేదు బాబాయ్."

"కప్పుకోరా" అంది షెఫికా. "గాలి తగులుతుంది." పళ్ళెం లోపలికి తీసుకుపోయింది.

మర మలుపుకి ముందు బండి ఆపాల్సి వచ్చింది. చూపు అంచుల్నించి నల్లబడుతూ వచ్చింది. బొత్తాం నొక్కాను. తల స్టీరింగ్ మీద ఆనించి కూర్చున్నాను. బస్సు స్టాపులో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు.

ట్రాక్టరు మీద వెనకాలే వస్తున్న హాషిం కిందికి దిగాడు. బండి ఆగిపోవడం చూసి జుమ్రా క్యానుని తోపుడు బండి మీద పెట్టుకుని తనే మర దగ్గరికి వచ్చింది. ట్యాంకు మూత తీశాను. విడి క్యాను ఎక్కడుందని ఆమె అడగలేదు. పాలు ట్యాంకులో పోసింది. హాషిం అటు చూసి, ఇటు చూసి, "జరుగు" అని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వాడికి ట్రాక్టరు తప్ప రాదు. డెయిరీ దాకా రెండో గేరు దాటలేదు. దారంతా తిట్టాడు, బండిని, నన్ను, గేరు పెట్టెని.

అటునుంచి డాక్టరు దగ్గరికి. ఆమె యంత్రంలోంచి వచ్చిన కాగితం చుట్ట విప్పి చాలాసేపు చూసింది. మాత్రలు రాసింది. సారయెవోలో పెద్ద డాక్టరుకి చూపించుకోవాలి. లైసెన్సు ప్రస్తుతానికి లేదు.

"ఇంతకుముందు ఇలా కాలేదన్నారు."

ఫిబ్రవరి 22న కూడా అయిందని చెప్పాను. బ్రేకు తడవలేదు.

మార్చి 9, శనివారం

డెయిరీ నుంచి తాహిర్ తాళాల కోసం వచ్చాడు. మంచివాడే. నా గురించి అడిగి, వాళ్ళ నాన్న గుండె గురించి, సారయెవో డాక్టర్ల గురించి చెప్పాడు. నఫియా కాఫీ పోసింది, రెండోది పోసింది. అతను నాన్న ఆపరేషను మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. నఫియా మాట్లాడకుండా గిన్నె మళ్ళీ పొయ్యెక్కించి మూడోది తెచ్చి ముందు పెట్టింది.

తాహిర్ దాన్ని చూశాడు. "సరే వదినా, ఇక వెళ్ళొస్తా" అన్నాడు. నిలబడే తాగేశాడు, నోరు కాలింది.

అతను వెళ్ళాక నవ్వాం. తాళాలు ఉండే మేకు ఖాళీగా ఉంది. దానికి నఫియా గుడ్డ తగిలించింది.

మార్చి 10, ఆదివారం

గాలి ఆగింది. నడిచి జుమ్రా ఇంటికి వెళ్ళాను. మూడుచోట్ల కూర్చోవాల్సి వచ్చింది.

నేను వెళ్ళేసరికి షెఫికా వెనక్కి వస్తూ ఎదురైంది. చేతిలో మూత వేసిన పళ్ళెం. "పిలవడానికి వెళ్ళా. మిగిలిన పిండి ఉంది, రమ్మన్నా. రానంది. కాఫీ గింజలు తీసుకెళ్ళా. తీసుకుంది, దానికి రెట్టింపు జున్ను పెట్టి చేతిలో పెట్టింది." పళ్ళెం చూపించింది. "ఇలా ఎవరైనా చేస్తారా?"

జుమ్రా బల్ల తుడిచింది. నాకు బార్లీ, తనకి కాఫీ. వాకిట్లో ఎండ. కొట్టంలో ఆవులు గొలుసులు కదుపుతున్నాయి.

"రేపటి నుంచి కొత్తవాడు వస్తాడు" అన్నాను. "నెజాద్ అని. నీ పాల గురించి చెప్పాను."

"మంచిది. కొంచెమే ఉంటాయి ఇక."

"అదేం?"

"వ్యాపారి రేపు పొద్దున్న వస్తాడు. చంద్రిని, ఇంకో ఆవుని ఇచ్చేశాను. ఒక్కదాన్ని ఉంచుకున్నా, పిల్లకి పాలు కావాలి కదా."

"ఇప్పుడెందుకు? అందరికీ తెలిసింది కదా. వద్దని చెప్పు."

"మాట ఇచ్చాను అన్నా."

"ఎప్పుడు?"

"నువ్వు నా క్యాను సీటు వెనక పెట్టిన రోజు. పాలు ఎవరూ తీసుకోకపోతే మూడు ఆవుల్ని ఏం పెట్టి మేపుతాను? సాయంత్రమే కబురు పంపాను."

అంటే నాకు బార్లీ పోసినప్పటికి రెండు రోజులు ముందే.

రెండో కప్పు తాగాం. ఆమె కూతురి బడి గురించి చెప్పింది. నేను సారయెవో గురించి చెప్పాను. వ్యాపారితో నేను మాట్లాడతానని మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే లేచింది. లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చి నా కప్పులో మూడోది పోసింది.

బార్లీ అయినా మూడోది మూడోదే. తాగి లేచాను.

మార్చి 11, సోమవారం

మంచు పొడిగా పడింది. గాలి లేదు. ఉపవాసం మొదటి రోజు. నాకు మాత్రలున్నాయి కాబట్టి లేదు. నఫియా నాకు రొట్టె, ఒక కప్పు కాఫీ పెట్టి తను పక్క గదిలోకి వెళ్ళింది.

పాలబండి ఐదున్నరకి వెళ్ళింది. నెజాద్ నడిపాడు. మర మలుపులో హారన్ కొట్టాడు.

ఆవుల బండి ఏడింటికి వెళ్ళింది. రెండు.